మీ పచారీ చీటీ ఓసారి చూపిస్తారా?

నాలుగేళ్ళ కిందటి మాట. నేను పనిచేస్తున్న ప్రభుత్వాసుపత్రికి ఒక మధ్యాహ్నం పూట ఆటోలో ఒకాయనను తీసుకొచ్చారు. వయస్సు నలభై ఏడు. మండలాఫీసులో గుమాస్తా. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. మాట ముద్దగా వస్తోంది.

"నిన్న రాత్రి దాకా శుభ్రంగా వున్నారండీ డాక్టరుగారూ! ఒక్కనాడు జ్వరమని పడుకున్న మనిషి కాదు" అంటూ ఆయన భార్య ఏడుస్తోంది. మరి రెండు నెలల్లో వాళ్ళమ్మాయి పెళ్ళి. శుభలేఖలు అచ్చుకిచ్చి వచ్చిన మర్నాడే ఇలా జరిగింది.

నిజానికి ఆయన నిన్నటి దాకా శుభ్రంగా లేడు. మూడేళ్ళ ముందు ఒక వైద్య శిబిరంలో చూస్తే రక్తపోటు 170/110 వుందని చెప్పారట. నెల రోజులు మాత్రలు వేసుకుని, "ఒంట్లో బాగానే వుంది గదా" అని మానేశాడు. పైగా ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికే చెయ్యి తిమ్మిరెక్కితే, ఒత్తిగిలి పడుకున్నందువల్ల కాబోలనుకుని, కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ నిద్రపోయాడు. మా దగ్గరకు వచ్చేసరికి పన్నెండు దాటింది.

మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే మందు వుంది. కాని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు, స్కానింగ్ వున్న ఆసుపత్రిలో, రక్తస్రావం లేదని తేల్చుకుని ఇవ్వాలి. ఆయన విషయంలో అడ్డుపడింది గడ్డే. కాని గడువు దాటిపోయింది. అందుకే ముందే చెబుతున్నాను, గుర్తుంచుకోండి: మూతి వంకర పోయినా, ఎత్తిన చెయ్యి నిలవక పడిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. నూనె రాయడాలూ, దిష్టి తీయడాలూ తర్వాత చూసుకోవచ్చు.

పన్నెండు రోజుల తర్వాత ఆయనను ఇంటికి పంపించేటప్పుడు ఆ ఇల్లాలు అడిగింది: "ఇంటికి తీసుకెళ్ళాక ఏం పెట్టమంటారండీ?"

"ముందు మీరు నెలనెలా కొట్టుకు పంపించే పచారీ సరుకుల చీటీ ఓసారి తెచ్చి చూపించండమ్మా" అన్నాను.

ఆమె నా వంక అనుమానంగా చూసింది. మందుల చీటీ రాయవలసిన డాక్టరు పచారీ చీటీ అడుగుతాడేమిటని!

చీటీలో ఏముంది?

మర్నాడు ఆమె తెచ్చిన చీటీ ఇంకా నా సొరుగులో వుంది. భార్యాభర్తలు, పెళ్ళీడుకొచ్చిన కూతురు, కాలేజీ చదివే కొడుకు - మొత్తం నలుగురు. నెలకు బియ్యం 40 కిలోలు. కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు కిలో. నూనె ఆరు లీటర్లు. పంచదార ఐదు కిలోలు. ఉప్పు రెండు పాకెట్లు. ఇవిగాక వేసవిలో పెట్టుకున్న ఆవకాయ, మాగాయ జాడీలు, వడియాలు, అప్పడాలు వేరు.

ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. మనలో చాలా ఇళ్ళ చీటీ ఇలాగే వుంటుంది. అందుకే ఈ లెక్క మీకూ పనికివస్తుంది.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో, మెకారిసన్ అనే వైద్యుడి చేతుల మీదుగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. ఆ సంస్థ 2024లో భారతీయులకు ఆహార సూత్రాలు ప్రకటించింది. రోజుకు రెండు వేల క్యాలరీలు సరిపోయే మనిషికి, అంటే పెద్దగా ఒళ్ళు వంచి పనిచేయని మనబోటివాళ్ళకు, బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పు దినుసులు 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పళ్ళు 100 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. వేరుశనగ, నువ్వులు, బాదం వంటివి 35 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలునని లెక్క కట్టింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు, మించకూడదు. విడిగా కలుపుకునే చక్కెర 25 గ్రాముల లోపు వుంటే మంచిది.

దీన్ని నలుగురికి, ముప్ఫై రోజులకు హెచ్చవేయండి. ధాన్యాలన్నీ కలిపి 30 కిలోలు. పప్పులు పది కిలోలు. నూనె మూడున్నర లీటర్లు. ఉప్పు 600 గ్రాములు. చక్కెర, బెల్లం కలిపి మూడు కిలోలకు లోపు. కూరగాయలు రోజుకు కిలోన్నర పైన.

ఇప్పుడు ఆ ఇల్లాలి చీటీ పక్కన పెట్టి చూడండి. వుండవలసిన దానికంటే బియ్యం పది కిలోలు ఎక్కువ. నూనె దాదాపు రెట్టింపు. ఉప్పు మూడు రెట్లు, పచ్చళ్ళలో వేసింది గాకుండానే! పప్పు మాత్రం మూడో వంతు కూడా లేదు. ఆయన జబ్బు నా స్టెతస్కోపుకు అందడానికి చాలా ఏళ్ళ ముందే ఆ చీటీలో వుంది.

మాంసాహారులైతే పప్పులో కొంత భాగానికి బదులు గుడ్డో, చేపో, కోడికూరో తీసుకోవచ్చు. శాకాహారులైతే కందిపప్పొక్కటే పప్పు కాదు సుమా! పెసలు, అలసందలు, శనగలు, ఉలవలు అన్నీ అందులోకే వస్తాయి. పొలం పనిచేసేవారికి, మూటలు మోసేవారికి, గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు ఈ లెక్క సరిపోదు. వారికి ఇంకా కావాలి.

బియ్యం చెప్పే పాత కథ

"మా తాతలు మూడు పూటలా అన్నమే తిన్నారు. వాళ్ళకు లేని జబ్బులు మాకెందుకొచ్చాయి?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. తాతలు తిన్నది దంపుడు బియ్యం. తిని పొలానికి నడిచారు. మనం తినేది మరలో తెల్లగా పట్టించిన బియ్యం. తిని కుర్చీలో కూర్చుంటున్నాం.

తెల్ల బియ్యం మనకు ఒకసారి గుణపాఠం చెప్పింది కూడా. వెనుకటి మద్రాసు రాజధానిలోని సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, 1930ల నాటికి బెరిబెరి అనే జబ్బు పీడించింది. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపులు, గుండె నీరసించడం దాని లక్షణాలు. పక్కనే ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ బాధ లేదు. కారణం తేలిక. వడ్లను నానబెట్టి ఉడికిస్తే తవుడులోని బి-1 విటమిను గింజలోపలికి ఇంకుతుంది. పచ్చి వడ్లను మరపట్టిస్తే తవుడుతో పాటు గేదె పాలవుతుంది. మిగిలిన కాస్తా నాలుగు నీళ్ళలో కడిగి, గంజి వార్చి పారబోస్తే పోతుంది.

బెరిబెరి ఇప్పుడు అరుదైంది. దాని స్థానంలోకి చక్కెర జబ్బు వచ్చింది. తవుడుతో పాటు పీచు పదార్థం కూడా పోతుంది గనుక, తెల్లన్నం త్వరగా అరిగి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో చక్కెర జబ్బు వున్నవారు పది కోట్ల పైమాట. ఆ జబ్బు అంచున నిలబడినవారు 13 కోట్లకు పైగా వున్నారు.

అలాగని అన్నం మానేయమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు! రోజూ ఒక పూట జొన్నరొట్టెగానీ, రాగి సంకటిగానీ, ముడి బియ్యంగానీ పెట్టుకోండి. రెండో పూట అన్నం వండినా విస్తరిలో లెక్క మార్చండి. మన అలవాటు కొండంత అన్నం, గోరంత కూర. దాన్ని సగం కూర, పప్పు, పావు వంతు అన్నం, మిగతా పెరుగు, పచ్చి ముక్కలుగా మార్చండి. ముందు కూరా పప్పూ నాలుగు ముద్దలు తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. దీనికి ఖర్చేమీ లేదు.

డ్రైవరూ, కండక్టరూ

తిండి సంగతి సరే, ఒంటికి పని మాటేమిటి?

1940ల చివర్లో లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడికి ఒక సందేహం వచ్చింది. అక్కడి రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే వుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు అయిదారు వందల మెట్లు ఎక్కి దిగుతుంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, దాదాపు ఒకే రకం బతుకు. మరి గుండెజబ్బు ఎవరికి ఎక్కువ? వేలాదిమందిని లెక్క చూసి 1953లో ఫలితం ప్రకటించాడు. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా డ్రైవర్లంత ప్రాణాంతకంగా రావడం లేదు. తన పరిశోధనను ముందు తానే ఆచరించిన ఆ వైద్యుడు 2009లో, తన తొంభై తొమ్మిదో ఏట కన్నుమూశాడు.

ఇప్పుడు మిమ్మల్ని మీరే అడగండి. మీ ఇంటి బస్సులో మీరు డ్రైవరా, కండక్టరా? వీధి చివర పాల పాకెట్టుకు స్కూటరు, మొదటి అంతస్తుకు లిఫ్టు, కూరగాయలకు సెల్‌ఫోను... అందరం డ్రైవర్లమే అయిపోయాం.

గురివింద గింజ

నేనేమీ మినహాయింపు కాదు. గురివింద తన నలుపెరగదన్నట్టు, ఇరవై ఏళ్ళకు పైగా రోగులకు "నడవండి, నడవండి" అని చెబుతూ, అర కిలోమీటరు దూరంలోని ఆసుపత్రికి స్కూటరు మీద వెళ్ళినవాణ్ణి. పై గుమాస్తాగారు మా వార్డులో వున్న రోజుల్లోనే, ఒక రాత్రి రెండో అంతస్తుకు మెట్లెక్కి ఆయాసంతో గోడ పట్టుకున్నాను. మా హెడ్ నర్సు చూసి, "సార్, ఓసారి చెయ్యి ఇలా పెట్టండి" అని పట్టీ చుట్టింది. 160/100! నడుము కొలిస్తే 102 సెంటీమీటర్లు. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని పాఠం చెప్పేది నేనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్క వార్డులో పడుకున్న ఆయన నాకంటే చిన్నవాడు.

మర్నాటి నుంచి ఆసుపత్రికి నడక మొదలుపెట్టాను. మూడు నెలలయ్యాక కాలేజీ మైదానంలో నెమ్మదిగా పరుగు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు పరుగెత్తుతాను. నా పక్క నుంచి ఆవులు కూడా దాటిపోతుంటాయి, అయినా సిగ్గుపడను. నడుము 94కు వచ్చింది. ఇంకా నాలుగు సెంటీమీటర్లు బాకీ! రక్తపోటు అదుపులో వుంది. రెండు మాత్రలు ఒకటయ్యాయి. ఆ ఒక్కటీ మానలేదు, మానను కూడా. వ్యాయామం చేస్తున్నాం గదా అని మీ అంతట మీరు మాత్రలు ఆపేస్తే, కథ మళ్ళీ మొదటికొస్తుంది.

పరుగు మొదలుపెట్టేవారికి

వారానికి 150 నిమిషాల చురుకైన నడకగానీ, 75 నిమిషాల పరుగుగానీ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2014లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, యాభై అయిదు వేల మందిని సగటున పదిహేనేళ్ళు గమనిస్తే, పరుగెత్తేవారిలో గుండెజబ్బు మరణాలు దాదాపు 45 శాతం తక్కువగా కనబడ్డాయి. రోజుకు అయిదు పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తినవారికి కూడా మేలు కనబడింది. గుర్రప్పందేలకు వెళ్ళనక్కరలేదన్నమాట!

అయితే ఒక హెచ్చరిక. అమెరికాలో జిమ్ ఫిక్స్ అనే ఆయన ముప్ఫై అయిదో ఏట సిగరెట్లు మానేసి, పరుగు మొదలుపెట్టి, ఒళ్ళు తగ్గించుకుని, 1977లో పరుగు మీద ఒక పుస్తకం రాశాడు. అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1984 జూలైలో ఆయన పరుగు మీద వుండగానే గుండె ఆగి చనిపోయాడు. వయస్సు 52. ఆయన తండ్రి 43వ ఏటనే గుండెజబ్బుతో పోయాడు. శవపరీక్షలో ఈయన గుండె ధమనులు బాగా పూడుకుపోయి వున్నాయి. పరుగు ఆయన్ను చంపిందని నేననను. తండ్రి చరిత్ర తెలిసీ, పరీక్ష చేయించుకోకుండా పరుగొక్కటే కాపాడుతుందనుకోవడం పొరపాటు.

అందుచేత నలభై దాటినవారు, రక్తపోటు, చక్కెర వున్నవారు, ఇంట్లో చిన్న వయస్సులో గుండెపోటు వచ్చిన చరిత్ర వున్నవారు, పొగ తాగేవారు డాక్టరుకు చూపించుకున్నాకే పరుగు జోలికి వెళ్ళండి. మొదటి ఆరు వారాలు నడక మాత్రమే. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఇరవై నిమిషాలు. పక్కవారితో మాట్లాడగలిగేటంత వేగమే సరైన వేగం. మాట రాకపోతే తగ్గించండి. పాట పాడగలిగితే కాస్త పెంచండి. వేసవిలో సూర్యుడు రాకముందే ముగించండి. ఛాతీలో బరువుగా వున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, చెమటలు పట్టి కళ్ళు తిరిగినా ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. "గ్యాసు నొప్పే" అని సోడా తాగి పడుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. అందరూ లేవలేదు.

మోకాళ్ళ నొప్పులున్నవారు పరుగు మాని నడవండి. బయటికి వెళ్ళే వీల్లేని ఇల్లాళ్ళు భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు డాబా మీదో వరండాలోనో నడిచినా మేలే. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తనంత తానే లాక్కుంటుంది. అంట్లు తోమడం, ఇల్లు ఊడ్వడం పనే. కాని ఆగకుండా నడిచే నడకకు అవి పూర్తి బదులు కావు.

చిన్న చిన్న అలవాట్లు

ఒకటి: కంచం పక్కన ఉప్పు గిన్నె తీసేయండి. మజ్జిగలో ఉప్పు మానండి. ఆవకాయ మానమనను, కాని రోజూ మూడు పూటలా వద్దు. వారానికి రెండు రోజులు, ఒక్క ముక్క. కూరలో నిమ్మకాయ, చింతపండు, ధనియాలు, జీలకర్ర వుంటే ఉప్పు తగ్గినా నాలుక గొడవ చేయదు. రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది. సైంధవ లవణం మంచిదని కొందరు మారుస్తున్నారు. అదీ ఉప్పే. అయోడిను కలిపిన ఉప్పునే తక్కువగా వాడుకోండి.

రెండు: నూనెను డబ్బా నుంచి నేరుగా మూకుట్లోకి వంపకండి. చెంచాతో కొలవండి. నెలకు కావలసిన నూనె ఒక సీసాలో పోసి, ఆ సీసాతోనే నెల గడపండి. వేపుడుకు వాడిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దు.

మూడు: భోజనం కాగానే కాఫీ, టీలు వద్దు. ఆహారంలోని ఇనుమును అవి ఒంటపట్టనివ్వవు. ఒక గంట ఆగండి. తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత వుందని తేలింది. అందరికీ పెట్టి, అడుగున మిగిలింది తినే ఇల్లాలి సంగతి ఆ ఇంట్లోవాళ్ళే చూడాలి.

నాలుగు: రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించండి. పడుకునే గదిలోకి సెల్‌ఫోను రానివ్వకండి. పెద్దవాళ్ళకు ఏడు గంటల నిద్ర అవసరం. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, చిరాకు పెరుగుతుంది, రక్తపోటూ పెరుగుతుంది.

అయిదు: ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి రక్తపోటు, చక్కెర చూపించుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు, మందులూ ఉచితమే. రక్తపోటు 140/90 గానీ, పరగడుపున చక్కెర 126 గానీ దాటితే మళ్ళీ పరీక్ష చేయించి నిర్ధారించుకోండి. రక్తపోటుకు నొప్పి వుండదు. అది చప్పుడు చేయదు. "ఒంట్లో బాగానే వుంది" అన్న మాటను నమ్మకండి. కొలిచిన అంకెనే నమ్మండి.

మళ్ళీ ఆ చీటీ సంగతి

ఆ అమ్మాయి పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. నన్నూ పిలిచారు. వెళ్ళాను. తండ్రి కుర్చీలో కూర్చుని, కన్యాదానం వేళ కుడిచేతిని ఎడమచేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. కొడుకు వెనక నిలబడి భుజం పట్టుకున్నాడు. అది చూసి పందిట్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఇప్పుడాయన చేతికర్రతో నడుస్తాడు. మాట చాలావరకు తేరుకుంది. రక్తపోటు అదుపులో వుంది. మొన్న ఆ ఇల్లాలు మందుల కోసం వచ్చి, అడగకుండానే కొత్త పచారీ చీటీ చూపించింది. బియ్యం 24 కిలోలు, జొన్నలు నాలుగు, రాగులు రెండు. పప్పులన్నీ కలిపి తొమ్మిది. నూనె మూడున్నర లీటర్లు. ఉప్పు ఒకే పాకెట్టు. "అదీ నెలంతా పూర్తవడం లేదండీ" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కాస్త గర్వం కనబడింది. ఆ వెనకే, "ఇదేదో ఏడేళ్ళ ముందే ఎవరైనా చెప్పి వుంటే..." అని ఆగిపోయింది.

ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. అందుకే మీకు ముందుగా చెబుతున్నాను.

ఈ ఆదివారం మూడు పనులు చేయండి. మీ ఇంటి పచారీ చీటీ తీసి, మనిషికింతని లెక్క కట్టండి. దర్జీ టేపు తెచ్చి ఇంట్లో పెద్దవాళ్ళందరి నడుములూ కొలవండి. సోమవారం దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి, వీలైతే నడిచే వెళ్ళి, రక్తపోటు చూపించుకోండి. మూడింటికీ కలిపి మీకయ్యే ఖర్చు ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక పూట తీరిక.